నమ్మొద్దని బతిమాలుకున్న కథ

ఆ రోజుల్లో కర్నూల్లో పెద్దగాలి వీస్తే ముందుగా ఎగిరేది ప్రభుత్వమే. ఆంధ్రరాష్ట్రం రాజధాని కొత్తగా వచ్చింది. కచేరీలకు కట్టడాలు చాలక సగం కొలువులు డేరాల్లో సాగేవి. మా డేరాలో ఎనిమిది మంది గుమాస్తాలం. కాగితాలు కొట్టుకుపోకుండా ఒక్కొక్కరి బల్ల మీదా తుంగభద్రలో ఏరుకొచ్చిన నున్నటి రాయి ఒకటి ఉండేది. (నా రాయి అందరి రాళ్ళకంటే పెద్దది, దాని కింద కాగితాలు మాత్రం అందరికంటే తక్కువ.) ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి అన్నం లేకపోయినా ఫరవాలేదనిపిస్తుంది గాని, అచ్చులో తన పేరు చూసుకోకుండా బతకడం కష్టమనిపిస్తుంది. నాకు అప్పుడు సరిగ్గా ఆ జబ్బే పట్టుకుంది. అది ముదరడానికి కారణం నా పక్కబల్ల ఆయన.

ఆయన్ని మేమంతా సూత్రాలన్న అనేవాళ్ళం. మద్రాసు నుంచి రాజధాని సామాన్లతో పాటు దిగిన కోస్తా మనిషి. అప్పటికి పన్నెండు కథలు రాసి పన్నెండూ పత్రికల దగ్గర్నుంచి తిప్పించుకున్నాడు. కథ ఎలా రాయాలో మాత్రం ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పాత దస్త్రం అట్ట లోపలివైపు సన్నటి అక్షరాలతో సూత్రాలు రాసుకుని, మధ్యాహ్నం డేరా కాలిపోతున్న వేళ నాకు ఒక్కొక్కటే వడ్డించేవాడు. "తెలిసిన మనిషిని తీసుకోవాలోయ్. తెలియని జమీందార్లూ రాజకుమార్తెలూ మనకెందుకు? కోపిష్ఠివాడని రాసి ఊరుకోకు, కోపమొచ్చి ఏం చేశాడో రాయి. అన్నిటికంటే ముఖ్యం, వాడెంత దుర్మార్గుడైనా సరే, లోపలెక్కడో ఓ మెత్తని చోటు ఉండాలి. అది లోకానికి తెలియకూడదు, పాఠకుడికి తెలియాలి. అక్కడే కథ పండుతుంది." నేను తల ఊపి, నా రాయి కింద దాచిన కాగితాల మీద రాసుకునేవాణ్ణి.

తెలిసిన మనిషి అనగానే నాకు తట్టింది ఒక్కడే. ఓర్వకల్లు అవతల రాళ్ళగుట్టల మధ్య మా మేనమామ బడిపంతులుగా ఉన్న ఊరుంది. సెలవలన్నీ నేను అక్కడే గడిపేవాణ్ణి. ఆ ఊళ్ళో రెండు వర్గాలు. ఒక వర్గానికి పెద్దాయన నాయకుడు. ఆరడుగుల మనిషి, ఎడమ చెవికి పాత కత్తిగాటు, చెవుల దాకా మీసం. ఆయన దగ్గితే వీధిలో ఆడుకుంటున్న మేము గోడ చాటుకు పోయేవాళ్ళం. రెండో వర్గం నాయకుడు చనిపోయి నాలుగేళ్ళయింది. ఆయన కొడుకులు ఆ కక్షను దించకుండా మోస్తున్నారు. ఆ ఏడు వానలు లేక ఊరి బావులన్నీ ఎండిపోయాయి, పెద్దాయన రాతిబావి తప్ప. ఆ బావి నీళ్ళు గొంతులో పోసుకోబోమని అవతలివాళ్ళు ఒట్టు వేసుకుని, మైలున్నర దూరాన వంకలో చెలమలు తవ్వుకుని ఉప్పునీళ్ళు తాగుతున్నారు. ఇంత సరుకు చేతిలో ఉండగా రాజకుమార్తెలెందుకు?

కథ రాసేశాను. గాటుచెవి, మీసం, రాతిబావి, అన్నీ దించేశాను. మెత్తని చోటు దగ్గర మాత్రం రెండు రోజులు ఆగిపోయాను. ఆ మనిషిలో నాకు మెత్తగా కనబడింది ఆయన చెప్పుల అడుగు ఒక్కటే. చివరికి నేనే ఒకటి పుట్టించాను: మిట్టమధ్యాహ్నం ఊరంతా తలుపులేసుకుని పడుకున్న వేళ, నాయకుడు బావి కాపలావాణ్ణి అన్నానికి పంపేసి, పగవాడి ముసలితల్లి వచ్చి ఒక్క బిందెడు తీపినీళ్ళు చేదుకుపోయేలా బావి చుట్టూ కట్టిన దడి తలుపు తీసిపెడతాడు. సూత్రాలన్న చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పండిందోయ్!" అన్నాడు. ఆ మెచ్చుకోలులో సగం నా గురించి, సగం తన సూత్రం గురించి. నెల తిరక్కుండా ఒక వారపత్రిక దాన్ని వేసింది, పైన ఆరు అంగుళాల మీసంతో రాక్షసుడి బొమ్మ గీసి మరీ.

నేను రెండు ప్రతులు కొని ఒకటి మామకు పోస్టు చేశాను. అంతకంటే తెలివితక్కువ పని నా జీవితంలో ఇంకొకటి చేయలేదు. (చేశాను గాని అవి ఈ కథకు సంబంధించినవి కావు.)

ఎనిమిదో రోజు పొద్దున పదకొండు గంటలకు మా డేరా గుమ్మంలో వెలుతురు ఆగిపోయింది. తల ఎత్తి చూస్తే గుండన్న. పెద్దాయనకు కుడిభుజం, బావి కాపలాదారు, బోడితల, బండరాయి లాంటి ఒళ్ళు. ఊళ్ళో ఆయన నోరు తెరిచి మాట్లాడగా విన్నవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. చేతిలో నా వారపత్రిక, చుట్టచుట్టి ఉంది.

"పెద్దాయన రమ్మన్న్యాడు," అన్నాడు.

"ఎప్పుడు?"

చేతిలోని పత్రికను బయటివైపు చూపించి అలాగే నిలబడ్డాడు. సూత్రాలన్న నా చెవి దగ్గర వంగి, "సంఘర్షణ మొదలైందోయ్, ప్రతి వివరం గుర్తుపెట్టుకో," అన్నాడు ఉత్సాహంగా. ఆ క్షణంలో నా బల్ల మీది రాయిని ఆయన తల మీద వేయాలనిపించింది. సెలవుచీటీ రాస్తూ కారణం దగ్గర ఆగిపోయాను. "సొంత పని" అని రాశాను.

బస్సులో గుండన్న నా పక్కనే కూర్చున్నాడు, నడిచే దారివైపు. కిటికీ అవతల ఎర్రటి బీడు, రాళ్ళగుట్టలు, ఒక్క పచ్చటి ఆకు లేదు. "ఎందుకు రమ్మన్నాడు?" అని రెండుసార్లు అడిగాను. ఆయన ముందుసీటు వెనకభాగాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఓర్వకల్లు దాటి దిగి కాలిబాట పట్టాక నేను ముందు, ఆయన వెనక. ఎండలో ఆయన నీడ నా నీడ మీద పడుతూ వచ్చింది. నా మెడ వెనకభాగం మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

పెద్దాయన ఇంటి వసారాలో మా మామ ఒక మూల స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, పాలిపోయిన మొహంతో. జరిగిందేమిటంటే, మేనల్లుడి పేరు అచ్చులో చూసిన సంతోషంలో ఆయన బడి వదిలాక ఊరందరినీ రచ్చకట్ట దగ్గర కూర్చోబెట్టి, గొంతు పెంచి తగ్గించి, కథ మొత్తం చదివి వినిపించాడు. రెండు వర్గాలూ విన్నాయి.

పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. గుండన్న చేతిలోంచి పత్రిక తీసుకుని, బొమ్మ నా వైపు తిప్పాడు.

"ఈడుండేది నేనేనా?"

"కాదు పెద్దయ్యా. అది... బొమ్మ వేసేవాళ్ళు వాళ్ళిష్టం వచ్చినట్టు వేస్తారు."

"బొమ్మ పోనీలే. బాయికాడి సంగతి నీకెవురు చెప్పినారు?"

నాకు అర్థం కాలేదు. "ఎవరూ చెప్పలేదు. నేనే కల్పించినాను."

"కల్పించేదంటే?"

"లేనిది ఉన్నట్టు రాయడం పెద్దయ్యా."

"ఉన్నెదాన్నే రాసి లేనిదంటావే!" అని మంచం పట్టె మీద చరిచాడు. "మూడు నెలల నుంచి జరుగుతాండాది అది. తెలిసినోల్లం ముగ్గురం. నేను, ఆ యమ్మ, ఈ గుండు. నేను చెప్పల్యా. ఆ యమ్మ చెప్పదు. ఇంక ఎవురు చెప్పినారో నువ్వే చెప్పు."

అప్పుడు అర్థమైంది నాకు. నేను డేరాలో కూర్చుని పుట్టించానని మురిసిపోయిన మెత్తని చోటు నిజంగానే ఆ మనిషిలో ఉంది! రచయితగా నేను గర్వంతో పొంగిపోవలసిన ఘడియ. గుండన్న వైపు చూశాను. ఆ బండరాయి మొహం మీద చెమట కారుతోంది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటికి కాపలా ఉన్న మనిషి నా ఒక్క మాట కోసం నిలబడి ఉన్నాడు. గర్వం పోయింది.

"గుండన్న నాతో ఎప్పుడూ మాట్లాడనే లేదు పెద్దయ్యా, ఈ రోజు మొదటిసారి మాట్లాడాడు! అది సూత్రం. చెడ్డవాడిలో కూడా ఒక మంచి గుణం పెట్టాలని కథలు రాసేవాళ్ళకు ఒక సూత్రం..."

"అంటే నేను చెడ్డోన్నా?"

మామ మూలలో కళ్ళు మూసుకున్నాడు.

పెద్దాయన పత్రికను మంచం మీద పడేశాడు. "సరే. అంత కల్పించేవానివైతే ఈ గుండును గురించి ఇప్పుడే కల్పించు. నా ముందర. చూస్తా."

సూత్రాలన్నీ ఒక్కసారిగా మరిచిపోయాను. నోటికొచ్చింది మొదలుపెట్టాను. "ఇతనికి... చిన్నతనంలోనే తల్లి పోయింది. అందుకే మాటలు తక్కువ. ఆ తల్లి కట్టుకున్న చీరముక్క ఒకటి పెట్టెలో దాచుకున్నాడు. ఎవరూ లేనప్పుడు తీసి చూసుకుని..." నా కల్పనకు నాకే జాలేసింది. "చూసుకుని ఏడుస్తాడు."

లోపలి గుమ్మంలోంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "ఎవురప్పా నన్ను సంపేది?"

చేతిలో మజ్జిగ చెంబుతో ఒక పొట్టి ముసలావిడ. గుండన్న తల్లి. ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా వంట చేస్తున్న మనిషి. నేను చిన్నప్పుడు ఆమె చేతి జొన్నరొట్టె తిన్నానని కూడా ఆ తరవాతే గుర్తుకొచ్చింది. "చీర చింపిస్తే గదా ముక్క దొరికేది, ఉండేది రెండే!" అంది. గుండన్న భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని తెలియడానికి నాకు కొంచెంసేపు పట్టింది. పెద్దాయన నవ్వలేదు గాని మీసం ఒకవైపు లేచింది.

"ఈనికేం తెలీదప్పా," అన్నాడు గుండన్నతో, నెమ్మదిగా. "గుడ్డిగా కొట్టినాడు, తగిలింది. నిన్ను అనుమానపడితి. మనసులో పెట్టుకోవద్దు."

నేను బతికాననుకుని లేవబోయాను. "కూచో," అన్నాడు. మామనూ గుండన్ననూ బయటికి పంపాడు. తరవాత వచ్చిన మాటలు నేను ఊహించినవి కావు. ఆయన గొంతు దిగిపోయింది.

"నువ్వు కతలో రాసినావే ముసలామె, ఆ యమ్మ రాక నాలుగు దినాలాయ. మనవలకు అనుమానం వచ్చింది. కతలో ముసల్ది నువ్వేనా అని నిలదీసినారంట. ఇప్పుడు మల్లా ఆ ఉప్పునీల్లే తాగుతాండాది. డెబ్బై ఏండ్ల మనిషి. కడుపులో నిలవడం లేదంట. ఈ కక్షలు మా నాయన్ల కాలంలో వచ్చినాయి. అంతకుముందు నేను ఆ యమ్మ చేతి ముద్దలు తిన్న్యా. అది నీ కతలో లేదు, నీకు తెలీదు గాబట్టి. పేపరుతో నువ్వు మూయించినావు ఆ తలుపు. నువ్వే తెరిపియ్యల్ల. సాయంత్రం రచ్చకట్ట కాడ అందరి ముందర చెప్పు, అదంతా అబద్ధమని. చెప్పడం గాదు, నమ్మల్ల వాల్లు."

పొద్దు గుట్టల మీదికి వాలుతున్న వేళ రచ్చకట్ట దగ్గర జనం కూడారు. ఒక కొనకు పెద్దాయన వర్గం, ఇంకో కొనకు అవతలివాళ్ళు, మధ్య బండి పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలో నేను. అవతలి కొన వెనక ఆడవాళ్ళలో చనిపోయిన నాయకుడి తల్లి, ఆ అవ్వ, కూర్చుని ఉంది, మోకాళ్ళు పట్టుకుని, పెదాలు పగిలి. కథలో ఆమెను నేను ఎంత అందంగా ఏడిపించానో గుర్తొచ్చి తలదించుకున్నాను.

"ఈ కథ అబద్ధం," అన్నాను. "పూర్తిగా నేను కల్పించిందే."

అవ్వ పెద్దమనవడు ముందుకొచ్చాడు, నా వయసువాడే. "కొట్టి చెప్పిస్తాండారా నీతో?" అన్నాడు. వెనక ముగ్గురు లేచి నిలబడ్డారు. ఇటువైపు గుండన్న లేచాడు. ఇటువైపు ఇంకో ఇద్దరు లేచారు. ఒక్క మాట అటూ ఇటూ అయితే నా వారపత్రిక కారణంగా తలలు పగిలే పరిస్థితి. పాఠకుణ్ణి నమ్మించడానికి సూత్రాలన్న నాకు ఎన్ని చెప్పాడు! నమ్మకుండా చేయడానికి ఒక్కటీ చెప్పలేదు.

ఏం తోచక పత్రిక విప్పాను. "అబద్ధం కాకపోతే ఇది వినండి," అని చదివాను. "'బావిగట్టున అల్లుకున్న సన్నజాజి తీగ నుంచి పరిమళం వీచింది.' మీ ఊరి బావి దగ్గర సన్నజాజి ఉందా?"

ఎవరో కిసుక్కుమన్నారు. "సన్నజాజా! కంపచెట్టుండాది, కావల్లంటే వాసన చూడు."

"'కోకిల గొంతెత్తి కూసింది.'"

"కోకిల యాడిదప్పా? కాకులే నీల్లు లేక ఓర్వకల్లు పోయినాయి!"

నేను వదల్లేదు. పాలరాతి మెట్లు చదివాను. పన్నీటి లాంటి నీళ్ళు చదివాను. నా ముద్దుల వాక్యాలన్నీ, అర్ధరాత్రుళ్ళు లేచి దిద్దుకున్నవన్నీ, ఒక్కొక్కటే నడివీధిలో బట్టలూడదీసి నిలబెట్టాను. ప్రతిదానికీ రెండు కొనలూ కలిసి నవ్వాయి. "'ముసలితల్లి ఇత్తడి బిందె చంకనెత్తుకుని వయ్యారంగా నడిచింది'" అని చదివేసరికి ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అవ్వే నోరు తెరిచింది. "నా మోకాల్లు జూసే రాసినావా నాయనా?"

అందరూ విరగబడి నవ్వుతున్నారు గాని పెద్దమనవడు నవ్వడం లేదు. "పూలూ పిట్టలూ అబద్ధమే," అన్నాడు. "నీల్లు చేదుకునింది?"

నవ్వు ఆగిపోయింది. నేను పత్రిక పేజీలు అటూ ఇటూ తిప్పాను. పెద్దాయన నేల చూస్తున్నాడు. అప్పుడు అవతలి కొన నుంచే, వాళ్ళ వర్గంలోని ఒక పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "ఏమబ్బీ, రాతిబాయి గిలక మోత మర్సిపోయినావా? ఒక చేద లాగితే ఊరవతలికి వినపడ్తాది ఆ కీచుమోత. మద్దెన్నం పూట సూది పడినా వినపడే ఊల్లో, మీ అవ్వ నీల్లు చేదితే మనకు తెలీదా?"

పెద్దమనవడు ఆలోచనలో పడ్డాడు. ఒక్క క్షణం. ఇటు కొన నుంచి, రోజూ ఆ బావిలో నీళ్ళు చేదుకునే నలభైమందీ, ఆడా మగా, "ఔనౌను! చెవులు గడియలు పడ్తాయి ఆ మోతకు!" అని ఒక్క గొంతుతో అన్నారు. "మొన్న మా పసిబిడ్డ ఉలిక్కిపడి లేచె," అంది ఒకామె. "మార్చల్ల ఆ గిలకను," అన్నాడు ఇంకొకడు. పెద్దమనవడి భుజాలు సడలాయి. నా వైపు ఏవగింపుగా చూసి, "ఇట్లాంటి అబద్ధాలు రాసేకి కొలువు గూడా ఇచ్చినారు నీకు!" అని వెళ్ళిపోయాడు. జనం నవ్వుకుంటూ లేచారు.

పొద్దుగూకాక మామ ఇంట్లో ముద్ద తిని పడుకునేసరికి నా భయం పూర్తిగా పోయింది. దాని స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చుంది. రెండు వర్గాలను నా మాటల నేర్పుతో ఒప్పించాను! ఒక ముసలమ్మ ప్రాణం నిలబెట్టాను! "అల్లుడా, నీ తెలివి తెలివే," అన్నాడు మామ, ప్రాణం కుదుటపడి. నాక్కూడా అదే అనిపిస్తోందని నేను పైకి అనలేదు.

మరునాడు పొద్దున బస్సు కోసం నన్ను రోడ్డు దాకా దింపడానికి గుండన్న వచ్చాడు. ఈసారి పక్కనే నడిచాడు. బస్సు దుమ్ము దూరాన కనబడ్డాక, ఎదురుగా గుట్టను చూస్తూ అన్నాడు.

"ఆ గిలక మోగి మూడు నెలలాయ."

"ఏమిటి?"

"పెద్దాయనే ఎక్కి ఆముదం పూస్తాడు. వారానికొకసారి. మా తట్టు వాల్లు రోజూ చేదుతాండారు గదా, మోత లేదని అందరికీ తెలుసు. ఎందుకు లేదో ఎవురూ అడగల్యా." బస్సు ఆగింది. నా సంచి అందించాడు. "నిన్న గూడా ఎవురూ అడగల్యా."

బస్సు కదిలాక చాలాదూరం నేను కిటికీలోంచి ఏమీ చూడలేదు. ఆ సాయంత్రం నలభైమంది, ఒకరితో ఒకరు అనుకోకుండా, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఒక్క గొంతుతో ఒక అబద్ధం ఆడారు. దాంట్లో ఒక్క వాక్యం ఎక్కువ లేదు. ఉలిక్కిపడి లేచిన పసిబిడ్డ దగ్గరనుంచి ప్రతి ముక్కా ఉండవలసిన చోట ఉంది. వాళ్ళలో సగంమందికి చదువు రాదు.

డేరాలో సూత్రాలన్న కాగితం, కలం సిద్ధంగా పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "ఏవైందోయ్? ముగింపు ఎలా వచ్చింది?" అని అడిగాడు. ఏమీ జరగలేదని చెప్పాను. ఆయన నన్ను ఎప్పటికీ క్షమించలేదు. పది రోజులకు మామ దగ్గర నుంచి కార్డు వచ్చింది: ఎండలు ముదిరాయనీ, ఊరంతా మధ్యాహ్నం తలుపులు బిగించుకుని పడుకుంటున్నారనీ, అవ్వకు ఒంట్లో నెమ్మదించిందనీ. ఇకమీదట నా కథలు తనకు పంపవద్దనీ.

ఆ తరవాత నేను కథలు రాశాను, కొన్ని బాగానే ఉన్నాయన్నారు. ఆ మొదటి కథను మాత్రం ఏ పుస్తకంలోనూ చేర్చలేదు. ఆ మనుషులెవరూ ఇప్పుడు లేరు, ఆ కక్షా లేదు గనుక ఇన్నాళ్ళకు ఈ సంగతి చెబుతున్నాను. ఎప్పుడైనా ఎవరైనా పిల్లలు వచ్చి కథ ఎలా రాయాలండీ అని అడిగితే, జవాబు వెతుక్కుంటూ ఉండగా నాకు మామ ఇంటి వసారాలో నులకమంచం మీద పడుకున్న ఆ ఇరవై రెండేళ్ళవాడు కనబడతాడు. ఊరినంతా తానే ఒప్పించానని, చీకట్లో తనలో తాను నవ్వుకుంటూ నిద్రలోకి జారుకుంటున్నాడు. పాపం, అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ నిద్రపోలేదు. అందుకే వాణ్ణి లేపి చెప్పబుద్ధి కాదు.